రోజాఖున్ పిలవని ఊరు

కష్గర్ చుట్టుపక్కల పల్లెలకు వ్యాను నడిపే రోజాఖున్‌ని అందరూ గంట రోజాఖున్ అనేవారు. గాడిదబండి తోలిన తండ్రి నుంచి అతనికి వచ్చిన ఆస్తి గొంతొక్కటే. ఊరు రాగానే దాని పేరు కేకేస్తే పొలాల్లో ఉన్నవాళ్ళు కూడా తలెత్తి చూసేవారు. నిద్రలోనూ ఊళ్ళ పేర్లే పలవరిస్తాడని భార్య హాజిరా ఆడిపోసుకునేది.

ఆ నేల పేరు మీద పెద్దల తగాదా చాలా పాతది. చైనా సర్కారు షింజియాంగ్ అంటుంది, అంటే కొత్త సరిహద్దు. తాతముత్తాతల నుంచీ అక్కడే కాపురమున్నవాళ్ళకి అది కొత్త ఎలా అయిందో సర్కారే చెప్పాలి. పరాయి దేశాలకు పోయినవాళ్ళు తూర్పు తుర్కిస్తాన్ అంటారు. ఇక్కడ ఆ మాట నోరుజారినవాడు ఇంటికి రాడు. రోజాఖున్ లాంటివాళ్ళు ‘మన నేల’ అని గుట్టుగా కాలక్షేపం చేసేవారు. తగాదా వాళ్ళనీ వదల్లేదు. పీరు సమాధి పేరున ఉన్న ఖోజామజార్ ‘ఆనందం’ అయింది, పక్క ఊరు ‘ఐక్యత’ అయింది. పాత పేర్లు పలకొద్దన్నారు. వ్యానులో కెమెరా బిగించారు.

“అన్నా, ఆనందం ఇంకెంత దూరం?” అని అడిగాడొకడు మొదట్లో.

“అది దాటిపోయి చాలాకాలమైంది, కూర్చో,” అన్నాడు రోజాఖున్. వ్యానంతా నవ్వింది.

అతని అన్న సెలేని ‘చదువు’ చెప్పిస్తామని ముళ్ళకంచె వెనక్కి తీసుకుపోయాక ఆ ఎకసెక్కాలు ఆగిపోయాయి.

ఆ వసంతంలో హెల్చెం అనే ముసలమ్మ వ్యానెక్కింది. ఏళ్ళ తరబడి దూరాన ఉరుంచీ పట్నంలో కూతురి దగ్గర ఉండి వస్తోంది. చూపు మసక, చెవుడు కూడా.

“ఖోజామజార్‌లో దింపు నాయనా. మా ఆయన సమాధి దగ్గర రెండు మాటలు చదువుకుని పోతాను,” అంది గట్టిగా. పక్కవాళ్ళు కిటికీల్లోంచి బయటికి చూడసాగారు.

ఊరు వచ్చింది. “ఆనందం!” అని కేకేశాడు రోజాఖున్. దిగేవాళ్ళు దిగారు. ముసలమ్మ కదల్లేదు.

అతనే వెళ్ళి చెయ్యి పట్టుకుని దింపాడు. ఆమె కళ్ళు చికిలించి చూసింది. దారి పక్క పొప్లార్ చెట్లు లేవు. పీరు సమాధి లేదు. గోడలన్నిటికీ ఒకటే రంగు.

“ఇది మా ఊరేనా?”

రోజాఖున్ తలూపాడు.

“తలూపితే నాకేం కనిపిస్తుంది నాయనా? పేరు చెప్పు.”

అతను వంగి, ఆమె చెవిలో మెల్లగా పాత పేరు చెప్పాడు.

“ఏమన్నావు? గట్టిగా చెప్పు.”

ఊరి గేటు దగ్గర కాపలా పోలీసు ఇటే చూస్తున్నాడు. ఆమెకు వినబడాలంటే అతనికీ వినబడాల్సిందే. ఆ ఒక్క మాటకి ఈ తల్లి తన మొగుడి దగ్గరికి చేరుతుంది. ఆ ఒక్క మాటకి హాజిరా రేపట్నుంచి ఒంటరిదవుతుంది. రోజాఖున్‌కి తనమీద తనకే అసహ్యం వేసింది.

“ఆనందం!” అని అరిచాడు.

“అదే అనుకున్నా,” అంటూ ముసలమ్మ తడుముకుంటూ మళ్ళీ వ్యానెక్కి కూర్చుంది. “ఇది మాది కాదులే. పద నాయనా, పొద్దుగూకేలోపు నన్ను మా ఊరు చేర్చు.”

రోజాఖున్ వ్యాను ముందుకు పోనిచ్చాడు.