బడేబీ డబ్బాలోని గాజుముక్కలు

గద్వాలలో మా వీధి ఆడవాళ్ల చేతుల కొలత బడేబీకి తెలిసినంతగా వాళ్ల మొగుళ్లకు కూడా తెలియదు. గాజుల బుట్ట దించి, చెయ్యి పట్టి పిసికి, మాటల్లో పెట్టి, ఎంత బిగువు గాజునైనా ఎక్కిస్తుంది. ఎక్కించేటప్పుడు చిట్లితే ఆ నష్టం తనదే. ముక్కను బిస్కెట్ల డబ్బాలో వేసుకుంటుంది తప్ప పైసా అడగదు.

నిరుడు మా మగ్గాల గది పక్కన కొత్త ఇల్లు కట్టాము. మిగిలిన టైల్స్ ముక్కలు గోనెసంచిలో వాకిట్లో పడి ఉంటే బడేబీ చూసింది.

"అక్కా, ఇవి పారేస్తవా? నాకియ్యి."

"తీస్కపోయి ఏం జేస్తవే, పులుసు పెడ్తవా?"

"నీ నోట్ల కుక్కుత. జరసేపు వాడకు నిమ్మళం," అని నవ్వి సంచి నెత్తికెత్తుకుంది.

గృహప్రవేశం నాడు బట్టలో చుట్టి ఒక పలక తెచ్చింది. ప్లైవుడ్ చెక్క మీద మా టైల్స్ ముక్కలే, తెల్ల సిమెంటుతో అతికించింది. చుట్టూ మేము చీరలకు నేసే కోటకొమ్మ అంచు తిప్పింది. టైలు పట్టని సందుల్లో ఎర్రవి, పచ్చవి గాజుముక్కలు పొదిగింది. గడప పక్కన ఆనిస్తే ఎండ పడి మెరిసింది.

కల్వకుర్తి నుంచి వచ్చిన మా చెల్లె రాజేశ్వరి వంగి చూసి, ముఖం చిట్లించింది.

"విరిగిన గాజులా? ఏ ముండమోసిన దాని చేతులయో ఏమో! కొత్తింటి గడపకు గివి పెడ్తరా ఎవలన్న?"

వియ్యపురాలితో సహా చుట్టాలందరూ ఇటు తిరిగారు. బడేబీ నా వంక చూసింది.

అవి ఎక్కడివో నాకు తెలుసు. మా బిడ్డ రోహిణి పెళ్లికూతురై కూర్చున్నప్పుడు చిట్లిన బంగారు చుక్కల పచ్చగాజు నడిమధ్యనే ఉంది, గుర్తుపట్టాను కూడా. ఊరందరినీ కడిగేసే నా నోరు, వియ్యపురాలు ఏమనుకుంటుందోనని ఆ పూట లేవలేదు.

"బువ్వ తిని పో బడేబీ," అన్నాను. అంతే అన్నాను.

"మల్ల వస్త అక్కా," అని పలకను మళ్లీ బట్టలో చుట్టుకుంది.

రాలేదు. శ్రావణమాసంలో వీధంతా తిరిగి మా గడప ఒక్కటే దాటిపోయింది. చివరికి నేనే వాళ్లింటికి పోయాను. పలక నీళ్ల బిందె కింద బోర్లా ఉంది.

కూర్చోబెట్టి బుట్టలోంచి గాజులు తీసింది. "చెయ్యి వదులు అక్కా, గట్ల బిగవడ్తే ఎట్ల?"

ఒకటి చిట్లింది. డబ్బా పక్కనే ఉంది. అందులో వేయలేదు. ముక్కను నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"నీది నువ్వే తీస్కపో. రేపు ఎవల చేతిదని అడిగితే నేనేం జెప్పాలె?"

"ఆ పలక ఇయ్యి బడేబీ. రాజేశ్వరిని పిలిచి, దాని ముందర్నే గోడకు కొట్టిస్త."

"ఉండనీ అక్కా. బిందెకు మంచిగ కుదిరింది."

మిగిలిన గాజులు వేయించుకుని, ముక్కను కొంగున ముడేసుకుని లేచాను. దారిలో పక్క వీధి జోగులమ్మ ఎదురై, "గాజులు మస్తున్నయ్ గద, ఎవలేసిన్రు?" అంది. చెయ్యి కొంగు కిందికి లాక్కున్నాను.