నెమలి నోటు, కొబ్బరిచెట్ల నోటు

మొన్న మంగళవారం పొద్దున్న మా పెద్దమ్మ పోయింది. మా అమ్మకి అక్క. నలభై ఏళ్లకు పైగా రామచంద్రపురం మార్కెట్‌లో చేపలమ్మింది. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. మన నోట్ల గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆవిడ వల్ల తెలిసిందే.

ఆవిడకి చదువు రాదు. వెనక బొమ్మను బట్టి నోటు పోల్చుకునేది. పులి రెండు, ట్రాక్టర్ ఐదు, నెమలి పది, రథచక్రం ఇరవై. "పొలాల్లోకి దిగాకే ట్రాక్టరు నోటెక్కిందే" అనేది. తిండిగింజల కోసం దేశం తాపత్రయపడ్డ రోజుల బొమ్మ అదని నేను పుస్తకంలో చదివింది చాలా తర్వాత.

ఆ తర్వాత కొత్త నోట్లొచ్చాయి. ముందువైపు సింహాలు పోయి అన్నిటి మీదా గాంధీ తాతగారి ముఖమే. ఒకరోజు పది తిరిగివ్వాల్సిన వాళ్లందరికీ ఇరవై ఇచ్చేసింది. సాయంత్రం మా ఇంటికొచ్చి, బుట్టయినా దించకుండా అడిగింది.

"వీటిమీద తెలుగెక్కడుందే?"

"వెనక కొబ్బరిచెట్లుంటే ఇరవై, అంతే పెద్దమ్మా."

"బొమ్మలు మళ్లీ మారుస్తారు. అక్షరం మార్చరు కదా. అదే చెప్పు."

వెనక భాషల వరసలో కిందనుంచి రెండోది తెలుగు. 'పది రూపాయలు'తో మొదలుపెట్టాం. బేరాలయ్యాక రోజూ వచ్చేది. నెల తిరిగాక ఓరోజు బస్టాండులో బోర్డు చూసి ఆగిపోయింది.

"రూపాయిలో 'ప' ఇక్కడుందే. కొమ్ము పెట్టారు."

రామచంద్రపురం అన్న బోర్డు అది. ఎన్నో ఏళ్లుగా దానికిందే బస్సెక్కేది. ఆరోజు బస్సు వెళ్లిపోయినా కదల్లేదు.

చిన్న నోట్లు తగ్గి బిళ్లలెందుకొచ్చాయని ఒకసారి అడిగింది. ఎక్కువ చేతులు మారి త్వరగా చిరుగుతాయి, మళ్లీ మళ్లీ అచ్చేయడం గిట్టదు, బిళ్లయితే ఏళ్లు నిలుస్తుందని చెప్పాను. తన చేతులు చూసుకుంది.

"అయితే మా తడిచేతులే వాటిని చంపాయన్నమాట."

పెద్ద నోట్లు రద్దయి, కొత్త రెండువేల నోటు మొదటిసారి మార్కెట్‌కి వచ్చినప్పుడు, తీసుకోవాలో వద్దో తెలియక చేపల వరసలోని ఆడవాళ్లు దాన్ని ఆవిడకే అందించారు. వేలు పెట్టి, "రెండు... వేల... రూపాయలు" అని చదివింది. అప్పుడు గానీ అమ్మే మనిషి చేప తూచలేదు.

గురువారం నేను మార్కెట్‌కి వెళ్లాను. ఆవిడకి ఇటూ అటూ కూర్చునేవాళ్లు ఎవరి చోట వాళ్లున్నారు. మధ్యలో గోనెపట్టా వెడల్పున ఖాళీ. తమ చోట్లతోపాటు దాన్నీ నీళ్లు కొట్టి కడిగారు. ఇంకా ఆరలేదు.