ఇస్త్రీ ఎక్కడని అడిగిన ఇంటావిడ

ఆ కాలంలో ఇంగ్లండ్‌లోని మా స్లౌలో ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురుపడితే మొదటి మాట వాన, రెండోది వీసా, మూడోది ఇన్వెస్ట్‌మెంట్. జీపీ డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా దొరకని మనిషి ఏ దేశంలో ఏ వీధిలో ఇల్లు కొనాలో ధీమాగా చెప్పేవాడు. (తొమ్మిదో తరగతితో చదువుకు దండం పెట్టిన నా ఇన్వెస్ట్‌మెంట్ మొత్తం టేక్‌అవే చికెన్‌లోనే ఉండేది.) నేను ట్రేడింగ్ ఎస్టేట్‌లో ఒక గోడౌన్‌లో పెట్టెలు సర్దుతూ, మా అక్కావాళ్ళ ఫ్లాట్‌లో చిన్న గదిలో ఉండేవాణ్ణి. అక్క ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో నర్సు, బావ ఐటీ. ఆమె నైట్ డ్యూటీ ముగించుకుని లోపలికి వస్తుంటే ఈయన లండన్ రైలుకి బయటికి పరిగెత్తేవాడు. వాళ్ళ కాపురం చాలావరకు గుమ్మం దగ్గరే నడిచేది.

బాలి మాట మా ఇంట్లోకి ఇల్ఫర్డ్ చర్చిలో ఆరాధన తర్వాత వడ్డించిన బిర్యానీతో పాటు వచ్చింది. మేము చాటున 'బాలి బ్రదర్' అని పిలుచుకునే ఒకాయన పళ్ళెం పట్టుకుని బావ పక్కన చేరాడు. "వందనాలు బ్రదర్. ఇండోనేషియాలో బాలి అని ఒక ద్వీపం. అందులో డెన్‌పసార్ అని సిటీ. ఆ సిటీలో సముద్రం పక్కన సనూర్ అని ఒక పేట. మనలాంటి బయటివాళ్ళకి అమ్మరు గానీ లీజుకిస్తారు. ఒక పాత ఇల్లు తీసుకుని టూరిస్టులకి అద్దెకిచ్చారనుకోండి, మీరిక్కడ నిద్రపోతున్నా అక్కడ పౌండ్లు పుడుతూనే ఉంటాయి, ప్రభువు చిత్తమైతే." పక్కనున్న ఆంటీకి సగమే వినపడి, "ఇంటిని బలివ్వడమేంటి నాయనా, మనం అలాంటివి చేయకూడదు" అంది. బావకి మాత్రం 'నిద్రపోతున్నా' అన్న ముక్క స్పష్టంగా వినపడింది. ఆయన కంటినిండా నిద్రపోయి అప్పటికి చాలా కాలమైంది.

అక్కకి చెప్పకుండా ఇల్లు తీసుకుని, తాళాలు చేతిలో పెట్టి, "ఇక నువ్వు నైట్లు మానెయ్" అనాలని ఆయన కల. ముందే చెబితే వద్దంటుందని ఆయనే తీర్మానించేశాడు. అందుకని అక్కతో, ఇంగ్లండ్‌లోనే ఉత్తరాన చలి ఊరు లీడ్స్‌లో ట్రైనింగ్ అన్నాడు. నాకు గోడౌన్‌లో హాలిడే మిగిలి ఉంది కాబట్టి తోడుగా నన్నూ లీడ్స్ తీసుకెళ్తున్నానన్నాడు. "వీడికి లీడ్స్‌లో ఏం పని?" అంది అక్క. "ఊరు చూస్తాడు" అన్నాడు బావ. లీడ్స్ చూడ్డానికి ఎవరైనా చెప్పుల జోడు, చలవ కళ్ళద్దాలు సర్దుకుంటారా అని నిద్రమత్తులో ఆమెకి తట్టలేదు.

నన్నెందుకు ఎంచుకున్నాడంటే దుబాసీగా. "నీకు సిగ్గు లేదు కదరా బామ్మర్దీ, ఏ భాషైనా వచ్చేస్తుంది" అన్నాడు. విమానంలో వాళ్ళ భాష నేర్పే చిన్న పుస్తకం తిరగేస్తే నాకు పట్టపగ్గాల్లేవు. భాషని బహాస అంటారట. ముఖాన్ని ముక, తలకాయని కెపాల, పేరుని నామ. "బావా, ఇది మన భాషే. వీళ్ళు కొంచెం నమిలి మింగుతున్నారు, అంతే" అని దిగకముందే తేల్చేశాను.

సనూర్‌లో ప్రతి గుమ్మం ముందూ కొబ్బరాకుతో అల్లిన బుల్లి తట్టలో పూలు, అన్నం మెతుకులు పెట్టి ఉండేవి. మేము వాటిని తొక్కకుండా గంతులేస్తూ నడుస్తుంటే స్కూటర్ల వాళ్ళు జాలిపడి దారిచ్చేవారు. కాఫీ షాపుల నిండా లాప్‌టాప్‌లు తెరుచుకున్న తెల్లవాళ్ళు. అందులో రెడింగ్ నుంచి వచ్చినాయన ఒకడు, ఇంగ్లండ్ అంటే విసుగుపుట్టి పారిపోయి వచ్చానని చెబుతూ, బ్రెడ్డు మీద బీన్స్ వేయించుకుని తింటూ, ఇక్కడ టీ బాగుండదని వాపోయాడు. వెళ్ళేముందు ఏ సందులో స్థలం ధర పెరుగుతుందో ఉచితంగా చెప్పాడు కూడా.

మేము చూడబోయిన ఇల్లు ఒక పెద్దావిడది. అందరూ ఆమెను 'ఇబూ' అంటారు, అమ్మా అన్నట్టు. వాకిట్లో దేవగన్నేరు చెట్టు, వెనక వంటగది, ముందు చల్లటి వసారా. బావ ఆ వసారాని చూసిన చూపు చూస్తే ఇప్పుడే పడుకునేలా ఉన్నాడనిపించింది. ఆవిడకి ఇంగ్లీషు ముక్కలు కొద్దిగా వచ్చు. కుర్చీలు చూపించి, మా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తొంగి చూసి, బావని అడిగింది, "ఇస్త్రీ? ఇస్త్రీ ఎక్కడ?"

నేను వెంటనే అందుకున్నాను. "నీ చొక్కా చూసి అడుగుతోంది బావా. నలిగిపోయి ఉంది కదా."

"హోటల్లో ఉందండి" అన్నాడు బావ ఇంగ్లీషులో, చొక్కా సవరించుకుంటూ.

ఆవిడ ముఖం విప్పారింది. "నామ?"

"ఏ కంపెనీదని" అన్నాను.

"పేరు చూడలేదు. హోటల్‌వాళ్ళదే. ఎవరు దిగితే వాళ్ళు వాడుకుంటారు."

ఇబూ నవ్వు ఆగిపోయింది. "మీ ఇంట్లో? ఇంగ్లండ్‌లో?"

"ఇంట్లో ఉన్నది పాతదండీ. ఊరికే వేడెక్కిపోతుంది, ఒక్కోసారి షాక్ కొడుతుంది. మార్చేద్దామనుకుంటున్నా."

ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని లేచింది. బావ చేతిని పట్టుకుని గోడ మీది పెళ్ళి ఫోటో దగ్గరికి లాక్కెళ్ళింది. పెళ్ళికొడుకు మీద వేలు పెట్టి "సువామి" అంది. పెళ్ళికూతురి మీద పెట్టి, ఒక్కో అక్షరం విడదీసి, "ఇస్త్రీ" అంది.

బావ నా వైపు తిరిగాడు. "ఒరేయ్, ఇస్త్రీ అంటే పెళ్ళామా?"

"స్త్రీకి ముందు ఇ తగిలించారు బావా. మనవాళ్ళు స్కూల్ని ఇస్కూలు అంటారు కదా" అన్నాను. (ఆ ఇస్కూలుకి నేను ఇంకో ఏడాది వెళ్ళి ఉండాల్సిందని బావ తర్వాత విమానంలో చాలాసేపు చెప్పాడు.)

బావ చేతులు జోడించి, షాక్ కొట్టేది ఇస్త్రీ పెట్టె అని, భార్య కాదని అభినయించి చూపించాడు. ఆవిడ పగలబడి నవ్వింది గానీ పట్టు వదల్లేదు. తన ఇల్లు దంపతులకే ఇస్తుందట, ఇస్త్రీ నోటితో సరేననాలట. ఫోన్ చెయ్యమంది. బావ ఇరుక్కుపోయాడు. ఇల్లు కావాలంటే ఫోన్ చేయాలి, ఫోన్ చేస్తే లీడ్స్ సంగతి బయటపడుతుంది. వసారా వైపు ఒకసారి చూసుకుని వీడియో కాల్ కలిపాడు. అక్క అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, ఇంకా యూనిఫారంలోనే ఉంది.

"ఏవండీ, లీడ్స్‌లో అంత ఎండా?"

"అదీ... ఆఫీసు వెనక గార్డెన్" అన్నాడు బావ. సరిగ్గా అప్పుడే ప్రహరీ మీది కోడి గొంతెత్తింది.

"అది కూడా ట్రైనింగ్‌కొచ్చిందా?" అంది అక్క. "పక్కన ఆ చిన్నోడు నోరు మూసుకుని ఉన్నాడంటేనే ఏదో జరిగింది. నిజం చెప్పండి."

చెప్పాడు. అక్క అరవలేదు. ఇబూ ఫోన్ అందుకుని, ఆమెను ఇల్లంతా తిప్పింది, వంటగది, నుయ్యి, దేవగన్నేరు, వసారా. ఆవిడ తన భాషలో, అక్క తెలుగులో, ఏం మాట్లాడుకున్నారో గానీ దుబాసీ అవసరం మాత్రం ఇద్దరికీ పడలేదు. ఫోన్ మళ్ళీ బావ చేతికొచ్చింది.

"ఇల్లు బాగుంది" అంది అక్క.

బావకి ప్రాణం లేచొచ్చింది. "అయితే తీసుకుందామా?"

"అడిగి ఉంటే తీసుకుందామనే అనేదాన్ని. అంత మంచి వసారా. అడగకుండా తెచ్చిన ఇంట్లో నాకు నిద్ర పట్టదు. ఆవిడకి వద్దని చెప్పేశా. మీరు లీడ్స్ నుంచి ఇంటికి రండి."

బావ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఇబూ ఆయన భుజం తట్టింది, కన్నకొడుకుని తట్టినట్టు. ఇంటికొచ్చాక ఆయన ఆఫీసులో గొడవపడి టైమింగ్స్ మార్పించుకున్నాడు. వారానికి రెండు రాత్రులైనా ఇద్దరూ ఒకే వేళ అన్నం తినడం మొదలుపెట్టారు. ఆ ఇంటిని ఎవరో ఆస్ట్రేలియా దంపతులు తీసుకున్నారని బాలి బ్రదర్ ఏడాది తర్వాత బాధగా చెప్పాడు.

ఇప్పుడు నాకూ స్లౌలో ఒక ఇల్లుంది, బాయిలర్ పాడైతే ఫోన్ పట్టుకుని క్యూలో నిలబడే యోగముంది. బావ కల అలా కుప్పకూలుతుంటే ఆ వసారాలో కాళ్ళు చాపుకుని, అర్థమైనా కాకపోయినా నవ్వుతూ, ఇబూని ఇంకో కప్పు కాఫీ అడిగిన కుర్రాడు, ఆనాటి నేను, అప్పుడప్పుడు గుర్తొస్తాడు. ఆవిడ ఇచ్చింది కూడా, రెండు చెంచాల పంచదార ఎక్కువ వేసి. అంత రుచిగల కాఫీ నేను మళ్ళీ తాగలేదు.