రెండో డికాషన్

ఫిల్టరులో మిగిలిన పొడి మీద మళ్లీ వేడినీళ్లు పోస్తే వచ్చే పలచని వాసనకి నాకు అల్మాజ్ అక్క గుర్తొస్తుంది. ఇథియోపియా నుంచి రాయపూర్‌కి చదువుకోడానికి వచ్చి, అక్కడి మోవా పేటలో మా మేడ మీద గదిలో అద్దెకుండేది.

ఒక ఆదివారం అమ్మనీ నన్నూ కాఫీకి పిలిచింది. గింజలు మా ముందే వేయించి, దంచి, మట్టికూజాలో కాచి పోసింది. అమ్మ మెచ్చుకుంటూ తాగింది. అక్క అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోసేసరికి అమ్మ లేచి నిలబడింది.

"థోడా ఔర్ బైఠియే ఆంటీ," అని అక్క అమ్మ చెయ్యి పట్టుకుని ఆపబోయింది.

"కామ్ హై బేటీ," అని పని వంక పెట్టి అమ్మ వచ్చేసింది. మెట్లు దిగుతూ నాతో, "పిలిచి మరీ రెండో డికాషన్ పోస్తాదేటి మనకి? అది పనిమనిషికి కదా పోసేది!" అంది.

మర్నాడు ఆ మాట నేను అక్కకి చెప్పేశాను.

చదువైపోయి తన దేశం వెళ్లిపోయే రోజు మళ్లీ పిలిచింది. ఒక్కో కప్పు పోసి, మిగిలిన పొడి మా ముందే పారబోసి, కూజా కడిగేసింది.

"ఇప్పటికి నేర్చుకుంది," అని అమ్మ మురిసిపోయింది.

వాళ్ల దేశంలో అదే పొడితో మూడుసార్లు కాస్తారని, అతిథికి దీవెన అందేది మూడో కప్పుతోనేనని నాకు చాలా ఏళ్లకి తెలిసింది. ఆ రోజు మా మర్యాద కోసం అక్క దాన్ని తూములో పోసేసింది.