మూడో గంట

1974 జనవరిలో నన్ను విద్యుత్ శాఖ సెక్షన్ ఆఫీసరుగా కొత్తగూడకు వేశారు. సెక్షన్ ఆఫీసరంటే ఇంజనీర్ల నిచ్చెనలో అట్టడుగు మెట్టు. లైన్‌మన్లకు మాత్రం పెద్ద సారు. నగరం అంచున ఉన్న కొత్తగూడ, రాయదుర్గం, మణికొండ నా పరిధి. ఇప్పుడక్కడ అద్దాల మేడలున్నాయి. అప్పుడున్నవి బండలు, సీతాఫలం పొదలు, బావుల మీద మోటార్లు, వాటికి కరెంటు మోసే పదకొండు వేల వోల్టుల లైను ఒకటి.

ఈ ఉద్యోగం తెలియనివాళ్ళకు ఒక సంగతి ముందే చెప్పాలి. లైను మీద పని చేయాలంటే సబ్‌స్టేషన్‌లో ‘లైన్ క్లియర్’ తీసుకోవాలి. అంటే నేను సంతకం పెట్టి అడిగితే ఆపరేటరు ఆ లైనుకు కరెంటు ఆపుతాడు. మళ్ళీ ఇమ్మని చెప్పాల్సింది కూడా నేనే. మంత్రి చెప్పినా చెల్లదు. నేను స్వయంగా వెళ్ళలేకపోతే, ముందే అనుకున్న గుర్తు మాటను ఒకరిచేత పంపాలి. ఆ మాట రాకపోతే ఊళ్ళు చీకట్లో ఉండాల్సిందే. స్తంభమెక్కినవాడి ప్రాణం ఆ ఒక్క మాట మీదే ఉంటుంది.

ఇక ఇంటి సంగతి. నాకు ముగ్గురు పిల్లలు. పెద్దది సుభద్రకు అప్పుడు పదహారేళ్ళు. ఆ వయసుకు వచ్చాక అడిగితే తప్ప నోరు విప్పడం మానేసింది. ముగ్గురినీ దగ్గర కూర్చోబెట్టుకుంటే చిన్నవాళ్ళ గోలలో దాని గొంతు వినపడేదే కాదు. మాది తెనాలి. చిన్నప్పుడు నాటక సమాజంలో తెర లాగినవాణ్ణి. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే కాబట్టి, నెలకొక నాటకానికి ఒక్కొక్కరినే వంతుల ప్రకారం నగరానికి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. స్కూటరెక్కితే చాలు, సుభద్ర వేరే పిల్ల అయిపోయేది. వెళ్ళేటప్పుడు స్నేహితుల మీద చాడీలు, వచ్చేటప్పుడు వేషగాళ్ళ మీద విమర్శలు. జనం ఎంత ఈలలేసినా మూడో గంట కొడితే గాని తెర లేవకూడదని, తెర లాగేవాడు ఆ గంట తప్ప మరెవరి మాటా వినకూడదని నేను చెబితే, ప్రతిసారీ వేళ్ళు మడిచి గంటలు లెక్కపెట్టేది.

కొత్తగూడకు వచ్చాక దాని వంతు రెండుసార్లు డ్యూటీ పాలైంది. రెండోసారి, “నా వంతు తమ్ముడికిచ్చేయండి నాన్నా” అంది. కోపంగా అనుంటే బాగుండేది, మామూలుగా అంది. నాకు భయమేసింది. ఇంకొక్కసారి మాట తప్పితే ఈ పిల్ల నా చేతికి అందదని అర్థమైంది.

ఆ ఎండాకాలంలోనే కృష్ణా జిల్లా నాటక సమాజమొకటి కొత్తగూడకు వచ్చింది. పౌరాణికం. ఖర్చంతా ఊరి పటేలుది. దీపాలు పెట్టే వేళకు ఆట మొదలు. అదే మధ్యాహ్నం గాలిదుమారం లేచి రాయదుర్గం బండల్లో స్తంభం మీద తీగను పట్టే పింగాణీ ఇన్సులేటరు పగిలింది. పరిధి అంతా కరెంటు పోయింది. నేను రెండు పడవల మీద కాళ్ళు పెట్టాను. పని కాగానే అటునుంచి అటే నాటకానికి పోదామని సుభద్రను వెంటబెట్టుకుని సబ్‌స్టేషన్‌కు వెళ్ళాను. లైన్ క్లియర్‌కు సంతకం పెడుతూ, అలక తీర్చాలని, గుర్తు మాట నువ్వే చెప్పమన్నాను.

“మూడో గంట” అంది, నవ్వకుండానే. ఆపరేటరు యాదగిరి తలూపాడు. సుభద్రను అక్కడే కూర్చోబెట్టి నేను లైను మీదికి వెళ్ళాను.

లైన్‌మన్ మల్లయ్య పగిలిన ఇన్సులేటరు మార్చి దిగి తాడు చుట్టాడు. పటేలు తమ్ముడు దూరంగా బాట మీద జీపు ఆపుకుని ఇదంతా చూస్తున్నాడు. మాకు మాత్రం పని అయిపోలేదు. బండ వెనకున్న స్తంభం మీద మరో ఇన్సులేటరు బీటలిచ్చి కనపడింది. స్తంభమెక్కే ముందు లైనుకు తీగ తగిలించి, దాని రెండో కొసను మేకుతో నేలలో దిగ్గొట్టాలి. పొరపాటున కరెంటు వచ్చినా భూమిలోకి పోతుంది. కానీ అక్కడ నేలెక్కడిది? అంతా రాయే. మేకు బెత్తెడైనా దిగలేదు. నేను వెనకాడాను.

“లైన్ క్లియర్ మీ పేరు మీదనే ఉన్నది గద సార్, ఇగ ఫికరేంది?” అని మల్లయ్య ఎక్కేశాడు.

అతను పాత ఇన్సులేటరు ఊడదీసి తీగను భుజానికెత్తుకున్నాక జీపు కదిలింది. ఊళ్ళోకి పోతుందనుకున్నాను. అది సబ్‌స్టేషన్ బాట పట్టింది. పటేలు తమ్ముడు మల్లయ్య దిగడం చూశాడు, బండ చాటున మళ్ళీ ఎక్కడం చూడలేదు. దిగిపొమ్మని కేకేశాను. భుజం మీది తీగను ఉన్నపళంగా వదిలితే అది అతన్నే లాక్కుపోతుంది. మా వెంట ఉన్న హెల్పరుకు స్కూటరు రాదు, సైకిలు మీద సబ్‌స్టేషన్‌కు తరిమాను. జీపును సైకిలు ఏం అందుకుంటుంది? మనిషి పైనుండగా స్తంభం విడిచి వెళ్ళకూడదన్నది నియమం. వెళ్ళలేదు. బండల మీదుగా కొత్తగూడ నాటకం పందిరి కనిపిస్తూనే ఉంది. దాని దీపాలు వెలిగితే మల్లయ్య లేనట్టే. నా జీవితంలో చీకటి కోసం అంతగా దండం పెట్టుకున్నది అప్పుడే.

సబ్‌స్టేషన్‌లో జరిగింది తర్వాత యాదగిరి చెప్పాడు. పటేలు తమ్ముడు వస్తూనే, “మీ సార్ పంపిండు. పని ఒడిసింది, కరెంటు ఇడువు” అన్నాడట. యాదగిరి గుడిసె ఉన్నది వాళ్ళ జాగాలోనే. గుర్తు మాట అడగడానికి నోరు రాలేదు, చెయ్యి లైను స్విచ్చి హ్యాండిల్ మీదికి పోయింది. అప్పుడు సుభద్ర లేచి అతనికీ హ్యాండిల్‌కీ మధ్య నిలబడిందట.

“మా నాన్న ఏ మాట చెప్పి పంపారండి?”

“మాటేంది? కరెంటు ఇయ్యమన్నడు. ఆడ జనం పరేషానైతున్నరు. నీకు నాటకం చూసుడు లేదా ఏంది?”

“చూడాలనే వచ్చానండి. కానీ మా నాన్న మిమ్మల్ని పంపలేదు.”

ఆయన తిట్టాడు, కేకలేశాడు, యాదగిరి గుడిసె పీకిస్తానన్నాడు. సుభద్ర కదల్లేదు. కాసేపటికి మా హెల్పరు రొప్పుతూ వచ్చి, మల్లయ్య ఇంకా పైనే ఉన్నాడని చెప్పాడు. పటేలు తమ్ముడు బెంచీ మీద కూలబడ్డాడట.

మల్లయ్య క్షేమంగా దిగాక నేను సబ్‌స్టేషన్‌కు చేరాను. నన్ను చూడగానే యాదగిరి గబగబా హ్యాండిల్ పట్టుకోబోయాడు. సుభద్ర ఇంకా అక్కడే నిలబడి ఉంది.

“మాట చెప్పండి నాన్నా” అంది.

ఎదురుగా నేనే నిలబడి ఉంటే ఇంకా మాటేమిటని ఒక్క క్షణం ఒళ్ళు మండింది. ఆ మరుక్షణమే మేకు దిగని బండ గుర్తొచ్చింది; అక్కడ నియమం తప్పింది నేనే. “మూడో గంట” అన్నాను. అది పక్కకు తప్పుకుంది.

ఆట ఆలస్యంగా మొదలైంది. పందిట్లో నా పక్కన కూర్చుని, వేళ్ళు మడిచి గంటలు లెక్కపెట్టింది. తెర లేచాక నా చెయ్యి పట్టుకుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటరు మీద దారంతా, నారదుడి వేషగాడికి పద్యం రాదని తిడుతూనే ఉంది.

ఆ తర్వాత చాలా సబ్‌స్టేషన్లు నా చేతికింద నడిచాయి. కొత్త ఆపరేటరు వచ్చినప్పుడల్లా నేనే లైన్ క్లియర్ తీసుకుని, పని అయ్యాక అతని ఎదురుగా నిలబడి, మాట చెప్పకుండా ఊరికే కరెంటు ఇమ్మనేవాణ్ణి. గుర్తు మాట అడగకుండా హ్యాండిల్ ముట్టుకున్నవాణ్ణి ఒంటరిగా షిఫ్టులో ఉంచలేదు. ఇంత చిన్నదానికేనా సార్ అని కొందరు గునిసేవారు. మా అమ్మాయి పదహారేళ్ళప్పుడు నన్నే అడిగిందని చెప్పేవాణ్ణి.