తాడుకి ఎదురుగా కళ్ళు మూసుకున్న రోజు

దేవునికి స్తోత్రం. కెరటానికి హద్దు గీసి, ఇంతకు మించి రావద్దని ఆజ్ఞాపించినవాడికి స్తోత్రం. నా ఎముకల్ని కాచినవాడికి, నా నోటి అబద్ధాన్ని నా చెంప మీదే పగలగొట్టినవాడికి మహిమ కలుగును గాక. ఈ మాట ముందు చెప్పకుండా ఏ సంగతీ మొదలుపెట్టడం మా ఇంట్లో అలవాటు లేదు.

మాది కంచరపాలెం, రైలు పట్టాల పక్క ఇల్లు. నేను పదో తరగతిలో ఉండగానే నాన్న ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. అమ్మ ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా. ఇంటర్ అయ్యాక నాకు ఓడ పని నేర్పే కోర్సులో సీటు వచ్చింది. ఫీజు, హాస్టలు, యూనిఫారం, అన్నీ ప్రభుత్వమే భరిస్తుంది. బదులుగా కోర్సు అయ్యాక అయిదేళ్ళపాటు ప్రభుత్వం ఏ ఓడ మీద వేస్తే ఆ ఓడ మీద పనిచెయ్యాలి. మధ్యలో వదిలిపోకూడదు. నడవడిక బాగాలేదని పైవాళ్ళు రాస్తే ఆ ఏడాది లెక్కలోకి రాదు, మళ్ళీ చెయ్యాలి. దాన్నే అందరూ బాండు అంటారు.

సంతకం పెట్టే ముందు అమ్మ ఆ కాగితాన్ని ఆదివారం మందిరానికి తీసుకెళ్ళింది. పాస్టరు గారు దాన్ని ముందున్న బల్ల మీద పెట్టారు. సంఘమంతా దాని వైపు చేతులు చాపి ప్రార్థించింది. అమ్మ కన్నీళ్ళు పడి ఒకచోట సిరా చెదిరింది. మర్నాడు ఆఫీసులో గుమాస్తా ఆ మరక చూసి, "టీ ఒలకబోశారేటి?" అన్నాడు.

నన్ను మన రేవులోనే ఒక టగ్గు మీద వేశారు. స్టీలు ప్లాంటు బొగ్గు మోసుకొచ్చే పెద్ద ఓడల్ని ఇరుకు కాలువలోంచి లాగి లోపలికి తెచ్చే చిన్న ఓడ అది. దాని మీద పెత్తనం సరంగుది. యాభై దాటిన మనిషి. ఫిషింగ్ హార్బర్ పక్క పుట్టి పెరిగాడు. ఆయన భార్య ఇప్పటికీ అక్కడ తెల్లవారకముందే చేపల వేలం పాడుతుంది. ఆయన చేతివేళ్ళలో రెండు వంగవు, మిగిలిన ఎనిమిదీ ఇనుము.

మొదటిరోజు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"బాండు గుంటడివా?"

"అవునండి."

"ఎన్నేల్లేటి?"

"అయిదండి."

"మర్డరు సేసినోడు కూడా బుద్దిగుంటే ముందే వొచ్చేత్తాడు. నీకా సుకం కూడా నేదు."

డెక్కు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఇంజను గదిలోంచి ఎవరో, "బావా, ఈడికి కూడు పెట్టకండి, సర్కారు పెట్టీసింది!" అని అరిచారు.

ఆ టగ్గు మీద పని మొదలయ్యే ముందు ఎవరి మొక్కు వాళ్ళకుంది. సరంగు వంగి సముద్రపు నీటిలో రెండు వేళ్ళు ముంచి కళ్ళకద్దుకుని, "గంగమ్మ తల్లీ" అనేవాడు. రెప్పపాటులో అయిపోయేది. నాది అలా కాదు. తల వంచాలి, కళ్ళు మూయాలి. ప్రార్థనలో కళ్ళు తెరిస్తే అమ్మ నా నెత్తి మీద మొట్టేది. కళ్ళు తెరిచి చేసేది ప్రార్థన కాదని నా ఒంట్లో ఇంకిపోయింది.

డెక్కు మీద నేనలా చెయ్యడం మొదటిసారి చూసినప్పుడు సరంగు తడితాడు కొసతో నా వీపు మీద కొట్టాడు. చొక్కా కింద చర్మం చిట్లింది.

"కల్లు మూసుకుని ఏటి సేత్తన్నావురా?"

"ప్రార్థనండి."

"కల్లు తెరిసుంటే మీ దేవుడికి ఇనపడదేటి?"

రెండోసారి పిడికిలితో. పెదవి చీలింది. మూడోసారి కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే తన్నాడు. మొహం రైలింగుకి కొట్టుకుని పన్ను ఊడి నా అరచేతిలో పడింది. ఇంటికెళ్తే అమ్మ పసుపు రాస్తూ, "విశ్వాసికి హింస తప్పదు నాయనా" అంది. నాకది కిరీటంలా అనిపించింది. ప్రతి దెబ్బనీ ప్రభువు కోసం పడ్డ దెబ్బగానే దాచుకున్నాను. అవి తాడు దారిలో ఏ చోట ఉన్నప్పుడు పడుతున్నాయో ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఒప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. తాళ్ళు అల్లడానికి మా దగ్గర మూరెడు ఇనప ములుకు ఉంటుంది. వారం రోజులు దాన్ని నడుముకి దోపుకుని తిరిగాను. పొద్దున్నే శత్రువుని ప్రేమించే మనసివ్వమని వేడుకునేవాణ్ణి, డ్యూటీకి వచ్చాక ములుకు చల్లగా ఒంటికి తగులుతుంటే ధైర్యంగా ఉండేది. ఒకరోజు సరంగు తాడు చుట్టే వించి మీదకి వంగి ఉన్నాడు. మెడ వెనక నరం ఆడుతోంది. నా చెయ్యి ములుకు మీదకి పోయింది. ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"అది ఇలగియ్యి. తాడు అల్లుదానికి తెచ్చినావా, నన్ను పొడుద్దానికి తెచ్చినావా?"

ఇచ్చేశాను. దాని మొద్దు కొసతో నా మోకాలి మీద ఒక్కటిచ్చి మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే నా బాండు ఆ రోజే చెడేది.

రెండో ఏడాది వానాకాలంలో, వాయుగుండం దాటిన మర్నాటి పొద్దున, ఒక బొగ్గు ఓడ వచ్చింది. కాలువ మొదట్లోనే కెరటం దాన్ని పక్కకి ఈడ్చింది. మా టగ్గు దాన్ని వెనక్కి లాగుతోంది. తొడంత లావు తాడు బిగిసి, నీళ్ళు చిమ్ముతూ, సన్నగా మూలగడం మొదలుపెట్టింది. అందరితోపాటు నేను ఉండాల్సింది గది గోడ చాటున. భయమేసి ఏం జరుగుతోందో చూద్దామని బయటికొచ్చాను. కొండలాంటి ఓడ మా మీదకి వాలుతోంది. అప్పుడు నేను చిన్నప్పటినుంచి నేర్చుకున్నదే చేశాను. తాడుకి సరిగ్గా ఎదురుగా నిలబడి, తల వంచి, కళ్ళు మూసుకుని, "ప్రభువా" అన్నాను.

పక్కటెముకల్లో ఎద్దు కుమ్మినట్టు దెబ్బ తగిలింది. ఎగిరి ఇనప గోడకి కొట్టుకున్నాను. నుదురు చిట్లి కళ్ళలోకి రక్తం దిగింది. ఆ వెంటనే పిడుగులాంటి చప్పుడు. తెగిన తాడు నేను నిలబడ్డ చోటుని ఊడ్చుకుంటూ పోయింది. అక్కడ ఇప్పుడు సరంగు ఉన్నాడు. ఆయన ఎడంకాలు మోకాలి కింద నుంచి, బూటుతో సహా, ఒక తోలు ముక్కకి వేలాడుతోంది.

ఆయన ముందు అరిచింది తన కాలి కోసం కాదు. "వించి వొగ్గీండ్రా! రెండో తాడు ఎయ్యండి! ఓడ గట్టుకి కొట్టీసుకుంటాది!" అని. రెండో తాడు పడేదాకా అరుస్తూనే ఉన్నాడు. నేను చొక్కా చింపి ఆయన తొడకి కట్టాను. కడుతుంటే నా మొహం మీద ఉమ్మేశాడు. "కల్లు మూత్తావురా... కల్లు..." అంటూనే స్పృహ తప్పాడు.

ఆ ఆదివారం తలకి కట్టుతో మందిరానికి వెళ్ళాను. పాస్టరు గారు సాక్ష్యం చెప్పమని మైకు ఇచ్చారు. ఉన్నదున్నట్టు చెప్పాలనే లేచాను. కానీ నన్ను నెట్టింది ఎవరో చెప్తే, నేనక్కడ కళ్ళు మూసుకుని నిలబడ్డానని కూడా చెప్పాలి. అది పైకి తెలిస్తే ఆ ఏడాది సర్వీసు పోతుంది. పైగా నా పన్ను ఊడగొట్టిన చేతి పేరు పరిశుద్ధ స్థలంలో ఎత్తడానికి నోరు రాలేదు.

"కనపడని చెయ్యి ఒకటి నన్ను నెట్టేసింది" అన్నాను. "చుట్టూ ఏ మనిషీ లేడు."

హల్లెలూయ అని మందిరం కప్పు ఎగిరిపోయేలా అరిచారు. అమ్మ మోకాళ్ళ మీద పడి ఏడ్చింది. ఎవరో ఫోనులో తీసి గ్రూపుల్లో పెట్టారు. రేవంతా పాకింది.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యి బయటికొస్తుంటే గేటు దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. వేలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, చీర కుచ్చిళ్ళు చేపల నీళ్ళతో తడిసి ఉన్నాయి.

"కనపడని సేయి అన్నోడు ఎవుడు?"

"నేనేనమ్మా" అన్నాను.

చెంప మీద ఒక్కటి కొట్టింది. ఆ దెబ్బకి నా నుదుటి కుట్లు విడిపోయాయి. "ఇది కనపడిందా?" అంది. రెండో చెంప మీద ఇంకొకటి. "ఇదీ? మా ఆయన సేయి కనపడనేదు గానీ నాది కనపడిందా?"

సంఘ పెద్ద ఒకాయన అడ్డం వచ్చాడు. "అమ్మా, ఇది దేవుని మందిరం."

"దేవుడి ఎదటే కొడతన్నాను. దొంగసాటుగా కొట్టనేదు." మళ్ళీ నా కాలరు పట్టుకుంది. "నాను నెట్టినానని మా ఆయన సెప్తే ఆపీసోల్లు నీ ఈడియో సూపించినారు. ఎవులూ నేరని ఆడే అన్నాడు కదా, తాడు కాడ నీకేటి పని అని అడిగినారు. రేపు ఎంక్వైరీ. మా ఆయన తప్పేనని రాసీసినారంటే కాలూ పోయినట్టే, కోటర్సూ పోయినట్టే. ముప్పయ్యేల్ల నౌకరీ గంగలో కలిసినట్టే. సెప్పురా, మీ ప్రబువు నెట్టినాడా, నా మొగుడు నెట్టినాడా?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూసింది.

"ఎవరు నెట్టారు?" అని అడిగింది.

"సరంగు గారేనమ్మా."

అమ్మ దగ్గరికొచ్చింది. కొంగుతో నా నుదుటి రక్తం అదిమి పట్టింది. "ఆ బాండు కాగితం మీద మనవాళ్ళంతా చేతులు చాపి ప్రార్థించారు" అంది. "దాని మీద అబద్ధం పెట్టకు."

మర్నాడు ఎంక్వైరీలో అంతా చెప్పాను. ఎక్కడ నిలబడ్డానో, ఎందుకు నిలబడ్డానో, వెనకటి దెబ్బలూ, నడుములో దోపుకున్న ములుకూ. ఆఫీసరు పెన్ను పక్కన పెట్టాడు.

"ఇది రాసిస్తే నీ సర్వీసు ఏమవుతుందో తెలుసా?"

"తెలుసండి."

"మరి ఆ వీడియో?"

"అది అబద్ధమండి."

కాగితం ముందుకి తోశాడు.  రాసి సంతకం పెట్టాను.

నా రెండో ఏడాది లెక్కలోంచి కొట్టేశారు. సరంగు డ్యూటీలో ఉండగా, ఇంకొక మనిషిని కాపాడుతూ కాలు పోగొట్టుకున్నాడని రాశారు. ఆయన కోటర్సు నిలిచింది.

మందిరంలో మళ్ళీ మైకు అడిగి తీసుకున్నాను. సంఘ పెద్ద మొహం ఎర్రగా అయింది. "దేవుని మహిమని తీసుకెళ్ళి ఒక తాగుబోతుకి కట్టబెడతావా?" అన్నాడు అందరి ముందూ. నన్ను కాపాడింది దేవుడేనని ఈనాటికీ నమ్ముతున్నాను. ఆ రోజు ఆయన పంపిన చేతికి రెండు వేళ్ళు వంగవు, బీడీ కంపు కొడుతుంది. అంతే చెప్పి కూర్చున్నాను. ఈసారి ఎవరూ హల్లెలూయ అనలేదు.

సరంగుని చూడ్డానికి వెళ్తే స్టీలు గ్లాసు నా మీదకి విసిరాడు. భుజానికి తగిలింది.

"నీ మీద పేమతో నెట్టినానని ఊరంతా సెప్తన్నావంట. పేమా నేదు, దోమా నేదు. తాడుకి ఎదురుగా గొడ్డు నిలబడినా నెట్టీవోడినే." ఆ గ్లాసు ఇలా తెమ్మని చెయ్యి చాపి, "ఇప్పుడెలగ సేత్తన్నావు పార్దన?" అన్నాడు.

"గోడ చాటునుంచండి. కళ్ళు తెరిచే."

"ఇనపడతందంటనా ఆయనకి?"

"వినపడుతోందండి."

ఇప్పుడాయన ఒడ్డు మీద తాళ్ళ గోడౌనులో పెట్టుడుకాలితో కూర్చుని బాండు మీద వచ్చిన కొత్తవాళ్ళకి పని నేర్పుతాడు. చేతికందినదానితో కొడుతూనే ఉంటాడు. కొట్టొద్దని నేను రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ తిన్నాను. నాకు బాండు ఇంకా మిగిలే ఉంది. అదే టగ్గు, అదే డెక్కు.

ఇది చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ఆ మనిషి తెగిన కాలు చలిగాలికి సలుపుతుంది, ఆ నొప్పి తగ్గాలని అడగండి. ఆయన చేతి కింద ఉన్న పిల్లల వీపుల కోసం అడగండి. నా మనసులో ఆ ములుకు ఇంకా ఒక మూల ఉంది, ప్రభువు దాన్ని కూడా తీసెయ్యాలని అడగండి. మీరు పనిలో ఉంటే మాత్రం కళ్ళు మూసుకోవద్దు. ఆమేన్.