బెల్లం మార్కెట్లో మారువేషం

పదవీ విరమణకు ముందటి మాఘమాసంలో నేను అనకాపల్లిలో స్పెషల్ బ్రాంచి ఎస్సైని. అంటే యూనిఫాం వేసుకోని పోలీసు. ఊళ్లో ఏం జరుగుతోందో కనిపెట్టి పైకి రిపోర్టు పంపడం మా పని. ఒకరోజు డీఎస్పీగారు పిలిచి, బెల్లం మార్కెట్లో ఎవరో గూఢచారి మీద హాస్య సినిమా తీస్తున్నారని, డిపార్టుమెంటుని వెక్కిరిస్తున్నారేమో చూసి రమ్మని ఆర్డరు వేశారు. నేనెవరో వాళ్లకి తెలియకూడదు. గూఢచారి సినిమా మీద గూఢచర్యమన్నమాట. నవ్వొచ్చింది గానీ, డీఎస్పీ ముందు నవ్వే అలవాటు మా శాఖలో లేదు.

తెల్ల చొక్కా, భుజమ్మీద తువ్వాలుతో వ్యాపారిలా వెళ్లాను. పట్టుమని పదిమంది లేని సినిమా. డైరెక్టరు పాతికేళ్ల అమ్మాయి. కెమెరాని టీకొట్టులో గోనెసంచుల వెనక దాచింది. నిజం రైతుల మధ్య, నిజం వేలంలో హీరో ఎవరికీ అనుమానం రాకుండా తిరగాలి. అదే మొదటి సీను. అనుమతి ఆ ఒక్క పూటకే. ఆ సీను రాకపోతే సినిమాయే లేదు.

హీరో ముఖం ఏ భావమూ బయటపడని చెక్కబొమ్మలా భలే ఉంది. అయినా అడుగు పెట్టగానే జనమంతా అతన్నే చూస్తున్నారు. చివరికి కె. కోటపాడు రైతొకాయన నిలదీశాడు. "ఏటి బావా, పొద్దున్నించీ సూత్తన్నాను. ఏటి పని నీకిక్కడ?"

వేలం సగమైపోయింది. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. నా ప్రాణం ఒప్పుకోలేదు. దగ్గరికెళ్లి చెప్పాను: ఇక్కడ బెల్లం దిమ్మ ముందు నిలబడ్డవాడు పలుకు గిల్లి నోట్లో వేసుకోవాలమ్మా, గిల్లనివాడు దొంగైనా అయ్యుండాలి, పోలీసైనా అయ్యుండాలి. మీరెవరండీ అంది. వ్యాపారినన్నాను.

ఈసారి హీరో గిల్లాడు, నమిలాడు, ముఖం కదపలేదు. ఒక్కడూ తలెత్తి చూడలేదు. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇంకో పలుకు గిల్లుతుంటే, ఆ రైతు వచ్చి నా తువ్వాలు పట్టుకున్నాడు.

"మామా, పొద్దున్నించీ నా సరుకు గిల్లుతన్నావు, ఏలం పాటలో నోరిప్పవేటి? ఇంతకీ ఎవులు నువ్వు?"

గోనెసంచుల వెనక కెమెరా తిరుగుతోంది. పోలీసునని చెబితే ఆర్డరూ పోతుంది, ఆ పిల్ల సీనూ పోతుంది. గొంతెత్తి పాట పాడాను. దిమ్మ నా మీదే ఖాయమైంది. భుజానికెత్తుకుని, పక్కన బెల్లం నములుతున్న హీరో వైపు కూడా చూడకుండా మార్కెట్టు దాటాను.

అభ్యంతరకరమైనదేదీ లేదని, నన్నెవరూ గుర్తించలేదని రిపోర్టు రాశాను. సినిమా విడుదలయ్యాక డీఎస్పీగారు పిలిచారు. గుర్తించలేదన్నావు, మొదటి సీనులోనే దిమ్మ మోసుకుంటూ నడుస్తున్నావేమిటయ్యా అన్నారు. అందులో నేను పోలీసునని ఎక్కడైనా తెలిసిందా సార్ అని అడిగాను. ఆయన లేదన్నారు.

మారువేషమంటే బట్టలు కాదని నాకు ముందే తెలుసు. ఆ చోట ఏ పని చేస్తారో ఆ పనే చెయ్యాలి. అయితే సగంలో ఆపకూడదని ఆ రోజు తెలిసింది. గిల్లినవాడు కొనాలి.